కార్డు టెస్టింగ్ దాడి తర్వాత మా షాపుకి మేనేజ్డ్ వాఫ్ పెట్టాలనుకుంటున్నాం, వాడినవాళ్లు చెప్పండి

గోదావరి_రేకు
అందరికీ నమస్కారమండి. మాది ఆత్రేయపురం దగ్గర. అమ్మ, పెద్దమ్మ, ఇంకో పన్నెండు మంది ఆడవాళ్లు కలిసి పూతరేకులు, అరిసెలు, కాజాలు చేస్తారు, ఆన్‌లైన్ షాపు నేను చూసుకుంటాను. వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ (షాపు నడిపే ప్లగిన్), ఒక వీపీఎస్‌లో (అద్దె సర్వర్) నడుస్తోంది. నాలుగేళ్లలో పెద్ద ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

మొన్న మంగళవారం పొద్దున లేచి ఫోన్ చూస్తే ఆర్డర్ ఫెయిల్ అయింది అంటూ 1,900 పైచిలుకు మెయిల్స్. రాత్రి 1:40కి మొదలై నాలుగు దాకా వచ్చాయి. అన్నీ ఒకే వస్తువుకి, మా దగ్గర అన్నిటికంటే చవకైన 60 రూపాయల జీడిపాకం పొట్లానికి. పేర్లు చూస్తే నోటికి తిరగని అక్షరాల గుత్తులు, అడ్రసులు అమెరికావి, ఊరికీ అక్కడి పిన్‌కోడ్‌కీ పొంతన లేదు. వాటిలో పదకొండింటికి మాత్రం డబ్బులు పడ్డాయి. మధ్యాహ్నానికల్లా పేమెంట్ గేట్‌వే వాళ్లు విదేశీ కార్డులు ఆపేసి, వివరణ రాసి పంపమన్నారు. సంక్రాంతికి మాకు వచ్చే ఆర్డర్లలో సగానికి పైగా బయట దేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకి పంపించేవే, అందుకే రెండు రోజులుగా నిద్ర లేదు.

హోస్టింగ్ వాళ్లని అడిగితే మేనేజ్డ్ వాఫ్ (సైటు ముందు కాపలా ఉండి చెడ్డ రిక్వెస్టుల్ని ఆపే వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ అట) పెట్టుకోండి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. అది పెడితే ఇలాంటివి ఆగుతాయా? సైటు నెమ్మదిస్తుందా? నెలకు ఎంతవుతుంది? నాకు ప్లగిన్లు పెట్టడం, డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డు) మార్చడం వరకు వచ్చు, అంతకు మించి తెలియదు. అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

వరంగల్_అడ్మిన్
అక్కా, ముందు ఆ పదకొండు పేమెంట్లు ఇప్పుడే రీఫండ్ కొట్టు, మిగతాది తర్వాత చదువు. ఆ కార్డుల అసలు ఓనర్లు బ్యాంకుకి కంప్లైంట్ ఇస్తే చార్జ్‌బ్యాక్ అవుతుంది, అంటే బ్యాంకు ఆ డబ్బు నీ దగ్గర నుంచి వెనక్కి లాగుతుంది, 60 రూపాయల పొట్లానికి అంతకు ఎన్నో రెట్లు ఫీజు కట్టాల్సి వస్తుంది. పైగా చార్జ్‌బ్యాక్‌లు ఎక్కువైతే గేట్‌వే వాళ్లు విదేశీ కార్డులు మళ్లీ తెరవరు.

నీకు జరిగింది కార్డు టెస్టింగ్. దొంగ కార్డు నంబర్ల లిస్టు కొనుక్కున్నవాడికి అందులో ఏవి ఇంకా పనిచేస్తున్నాయో తెలియాలి, అందుకు ఏదో ఒక షాపులో చిన్న మొత్తం కొట్టి చూస్తాడు. మన దేశపు కార్డులకి ఓటీపీ ఉంటుంది కాబట్టి అవి వాడికి పనికిరావు. విదేశీ కార్డులు చాలావరకు ఓటీపీ లేకుండానే పడతాయి, అందుకే ఎన్నారైల కోసం ఇంటర్నేషనల్ పేమెంట్స్ తెరిచిన చిన్న షాపులు వాడి కంట పడతాయి. వాడు నీ సైటు తెరిచి బొమ్మలు చూసి కొనడు, ఒక ప్రోగ్రామ్ నేరుగా చెకౌట్ అడ్రసుకి రిక్వెస్టులు కొడుతూ పోతుంది.

ఇక వాఫ్ సంగతి. మేనేజ్డ్ అంటే రూల్స్ నువ్వు రాయక్కర్లేదు, ఆ కంపెనీ వాళ్లు రాసి, కొత్త లోపాలు బయటపడ్డప్పుడల్లా మారుస్తుంటారు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (డేటాబేస్‌కి దొంగ ఆదేశాలు పంపడం), స్క్రిప్టులు ఎక్కించడం, పాత ప్లగిన్లలో కన్నాలు వెతకడం లాంటివి అవి పట్టుకుంటాయి. కానీ నీ మీదికి వచ్చిన 1,900లో ఒక్కో రిక్వెస్టునీ విడిగా చూస్తే అది మామూలు ఆర్డరే, అందులో పట్టుకోవడానికి విషం ఏమీ లేదు. కాబట్టి మేనేజ్డ్ రూల్స్ ఆన్ చేసి పడుకుంటే ఇది ఆగదు. వాఫ్‌తో పాటు వచ్చే రేట్ లిమిట్ (ఇంత సమయంలో ఇన్ని రిక్వెస్టులే అనే హద్దు), బాట్ చెక్ (వచ్చింది మనిషా ప్రోగ్రామా అని చూడటం) చెకౌట్ మీద పెడితేనే ఆగుతుంది. మేనేజ్డ్ రూల్సూ ఇవీ ఒకే డబ్బాలో వస్తాయి గానీ వాటి పని వేరు.

కోడ్_కుమ్మరి
పై అన్న చెప్పింది కరెక్ట్. వూకామర్స్‌లో చెకౌట్‌కి దారులు ఒకటి కాదండి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాత చెకౌట్ పేజీకి అజాక్స్ అని ఒక దారి ఉంటుంది, కొత్త బ్లాక్ చెకౌట్‌కి స్టోర్ ఏపీఐ (ప్రోగ్రాములు పేజీ తెరవకుండా నేరుగా మాట్లాడే దారి) అని ఇంకోటి ఉంటుంది. మీరు కొత్తది వాడకపోయినా ఆ ఏపీఐ తెరిచే ఉంటుంది. చెకౌట్ పేజీలో క్యాప్చా పెట్టి హమ్మయ్య అనుకుంటాం, బాట్ మాత్రం ఏపీఐ మీద తన పని తాను చేసుకుపోతుంది. మీ సర్వర్ యాక్సెస్ లాగ్ తెరిచి మంగళవారం రాత్రి 1:40 దగ్గర పోస్ట్ రిక్వెస్టులు (సైటుకి వివరాలు పంపేవి) ఏ దారికి వెళ్లాయో చూడండి. రేట్ లిమిట్ రెండు దారులకీ పెట్టాలి.

ఈలోగా విదేశీ కార్డులకి కనీస ఆర్డర్ 1,500 అని పెట్టేయండి. 60 రూపాయల వస్తువు ఒక్కటే విదేశీ కార్డుతో ఎవరూ కొనరు కదా.

గోదావరి_రేకు
రీఫండ్లు కొట్టేశానండి, పదకొండూ. లాగ్ చూశాను, కుమ్మరి గారు చెప్పినట్టే అన్నీ స్టోర్ ఏపీఐకే వెళ్లాయి, చెకౌట్ పేజీని ఒక్కడు కూడా తెరవలేదు. అలాంటి దారి ఒకటి ఉందనే నాకు ఇప్పటిదాకా తెలియదు.

చీరాల_మగ్గం
అసలు డబ్బు పెట్టి కొనడం ఎందుకండీ? సొంత సర్వర్‌లో పెట్టుకునే వాఫ్ మోడ్‌సెక్యూరిటీ ఉచితం, దాని మీద ఓవాస్ప్ (వెబ్ భద్రత కోసం పనిచేసే లాభాపేక్ష లేని సంస్థ) వాళ్ల కోర్ రూల్ సెట్ కూడా ఉచితం. ఎంజినెక్స్ వెబ్ సర్వర్ పక్కన ఎక్కించుకుంటే అయిపోయె. మా చీరల షాపుకి నేను అలాగే నడుపుతున్నాను.

వరంగల్_అడ్మిన్
చీరాల అన్నా, నువ్వు నడపగలవు, రోజూ లాగ్ చూసుకునే ఓపిక నీకుంది. ఆ ప్రాజెక్టు కూడా మంచి చేతుల్లోనే ఉంది, అంతకుముందు దాన్ని చూసుకున్న ట్రస్ట్‌వేవ్ కంపెనీ తప్పుకుంటూ 2024లో ఓవాస్ప్‌కి అప్పగించింది. నా అభ్యంతరం వేరు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే (జావా ప్రోగ్రాములు లాగ్ రాయడానికి వాడే లైబ్రరీ) లోపం బయటపడ్డప్పుడు నేను నైట్ షిఫ్టులో ఉన్నా. మా దగ్గర మేనేజ్డ్ వాఫ్ వెనక ఉన్న సైట్లకి కంపెనీల నుంచి రూల్ వెంటనే వచ్చేసింది, ఆ పూటకి ఊపిరి పీల్చుకుని సర్వర్లు ఒక్కొక్కటిగా సరిచేసుకున్నాం. సొంతంగా మోడ్‌సెక్యూరిటీ నడిపే క్లయింట్లకి చేత్తో రూల్ రాసి ఎక్కించాం, దాడిచేసేవాళ్లు అక్షరాలు అటూ ఇటూ మార్చి పంపుతుంటే మళ్లీ మళ్లీ రాశాం. అక్క షాపులో ఆ రాత్రి కూర్చునేవాళ్లు ఎవరు?

ఇంకోటి. 2019లో అమెరికాలో కాపిటల్ వన్ బ్యాంకు డేటా పోయినప్పుడు దొంగకి దారి ఇచ్చింది తప్పుగా అమర్చిన వాఫే. దానికి అవసరానికి మించిన అనుమతులు ఉండటంతో దాని ద్వారా స్టోరేజీలోకి వెళ్లిపోయారు. అమెరికాలో 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు. సొంతంగా పెట్టుకుంటే అది కూడా కాపలా కాయాల్సిన ఇంకో సర్వరే.

డల్లాస్_తెలుగోడు
నేను ఇదే ఫీల్డులో పనిచేస్తున్నాను, అయితే ముందు ఒక కస్టమర్‌గా మాట్లాడతాను. పోయిన ఏడాది తెనాలిలో ఉన్న మా అమ్మ పుట్టినరోజుకి ఒక స్వీట్ షాపు సైట్లో ఆర్డర్ పెడదామని కూర్చుంటే యాక్సెస్ డినైడ్ అని తెల్ల పేజీ వచ్చింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించాను, అంతే. తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటే, హ్యాకర్ల గొడవ ఎక్కువైందని ఇండియా తప్ప అన్ని దేశాలూ బ్లాక్ చేశారట. ఆ రోజు అమ్మకి స్వీట్లు వెళ్లలేదు. దాడి జరిగిన భయంలో అందరూ మొదట చేసే పని ఇదే, గోదావరి గారూ, మీరు మాత్రం చేయకండి. మీ కస్టమర్లే ఆ దేశాల్లో ఉన్నారు.

దాని బదులు, రిక్వెస్టు ఎలాంటి నెట్‌వర్కు నుంచి వస్తోందో చూడండి. మా ఇంటి ఇంటర్నెట్ నుంచో ఫోన్ నుంచో వచ్చేది మనిషి అయ్యే అవకాశం ఎక్కువ. క్లౌడ్ డేటా సెంటర్ నుంచి పూతరేకులు కొనేవాడు ఉండడు. చెకౌట్ దారులకి డేటా సెంటర్ నెట్‌వర్కుల నుంచి వచ్చినవాటిని మాత్రం బ్రౌజర్ చెక్‌కి పంపమని రూల్ పెట్టండి. బ్లాక్ కూడా వద్దు, ఛాలెంజ్ చాలు. వీపీఎన్ వాడే మనిషి ఒక్క క్షణం ఆగి లోపలికి వస్తాడు, బాట్ అక్కడే ఆగిపోతుంది.

పుస్తకాల_బండి
మేము హైదరాబాద్‌లో తెలుగు పుస్తకాలు అమ్ముతాం. ఎనిమిది నెలలుగా మేనేజ్డ్ వాఫ్ వెనక ఉన్నాం, లాభమే. కానీ మొదటి వారం మాకు జరిగింది మీకు జరగకూడదని వివరంగా రాస్తున్నాను.

పెట్టిన రోజే అన్నీ బ్లాక్ మోడ్‌లో ఆన్ చేశాం. మూడో రోజు పొద్దున ఫోన్ల మీద ఫోన్లు. యూపీఐలో డబ్బు కట్ అయింది, మీ సైటు మాత్రం పేమెంట్ పెండింగ్ అంటోంది అని. నలభై మూడు ఆర్డర్లు. ఒక పెద్దాయన రిటైర్డ్ టీచరు, 2,800 రూపాయలు కట్ అయ్యాయి, ఇది మోసపు సైటేమో అని మనవడు భయపెట్టాడట, ఫోన్లో ఆయన గొంతు వణుకుతోంది. సంగతేమిటంటే డబ్బు అందగానే గేట్‌వే సర్వర్ మన సైటుకి ఒక కబురు పంపుతుంది, వెబ్‌హుక్ అంటారు. మా వాఫ్ ఆ కబురు తెచ్చిన సర్వర్ని నువ్వు మనిషివేనా అని అడుగుతూ ఛాలెంజ్ పేజీ చూపించింది. సర్వరు ఆ పేజీకి ఏం జవాబు చెబుతుంది? కబురు అక్కడే పడిపోయింది.

సరిచేయడంలో కూడా తప్పు చేసే వీలుంది. మా కుర్రాడు కంగారులో ఆ దారికి వాఫ్ మొత్తం ఆపేశాడు. అలా చేయకూడదు. ఆ ఒక్క దారికి బాట్ చెక్, ఛాలెంజ్ తీసేసి, మిగతా రూల్స్ ఉంచాలి. వచ్చిన కబురు నిజంగా గేట్‌వేదేనా అన్నది ప్లగిన్‌లో సిగ్నేచర్ సరిచూసి తేల్చాలి, ఆ రహస్య కీ ఖాళీగా వదిలేసిన షాపులు నేను చూశాను. లేకపోతే ఎవడైనా డబ్బు అందింది అని దొంగ కబురు పంపి సరుకు పంపించుకుంటాడు. మీ కొరియర్ వాళ్ల ట్రాకింగ్ కబుర్లు, వాట్సాప్ మెసేజ్ సర్వీసు ఉంటే దాని కబుర్లు, ఇవన్నీ కూడా ఇదే బాపతు. ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

కోడ్_కుమ్మరి
దీన్ని గట్టిగా సమర్థిస్తున్నాను. మొదటి పది రోజులు లాగ్ మోడ్‌లో మాత్రమే నడపండి, అంటే రూల్‌కి తగిలింది అని రాసుకుంటుంది గానీ ఆపదు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో దీన్నే కౌంట్ అంటారు. ఈ పది రోజుల్లో అడ్మిన్‌లోకి వెళ్లి కొత్త ప్రొడక్టు ఎక్కించడం, వివరణలో టేబుల్ పెట్టి సేవ్ చేయడం, కూపన్ చేయడం, రీఫండ్, అన్ని పనులూ ఒక్కసారైనా చేయండి. ప్రొడక్టు వివరణలో హెచ్‌టీఎమ్‌ఎల్ ఉంటుంది కదా, స్క్రిప్టు ఎక్కిస్తున్నారని వాఫ్ అనుమానించడం చాలా మామూలు.

పుస్తకాల_బండి
అవును. ఇంకా మన అడ్రసుల సంగతి చెప్పడం మర్చిపోయాను. బ్లాక్ అయిన ఒక ఆర్డర్ లాగ్ తెరిస్తే, రూల్ పేరు దగ్గర ఎస్‌క్యూఎల్ కామెంట్ అని ఉంది, ఏ ఫీల్డు అంటే అడ్రస్ రెండో లైను, అందులో ఉన్నది ఇది: డో.నం. 3-41/2 -- రామాలయం వెనక, #2వ అంతస్తు. రెండు గీతలు, ఆ హ్యాష్ గుర్తు చూసి డేటాబేస్ మీద దాడి అనుకుంది. మన ఊళ్లలో అడ్రసులన్నీ ఇలాగే రాస్తాం.

వరంగల్_అడ్మిన్
అది బహుశా పారనాయా లెవెల్ 2 పెట్టడం వల్ల. కోర్ రూల్ సెట్‌లో 1 నుంచి 4 దాకా లెవెల్స్ ఉంటాయి, పెంచేకొద్దీ అనుమానం పెరుగుతుంది. ఒక్కో రూల్‌కి తగిలినప్పుడల్లా పాయింట్లు పడతాయి, మామూలుగా మొత్తం 5 దాటినా 5కి చేరినా ఆపేస్తుంది, తీవ్రమైన రూల్ ఒక్కటి తగిలినా 5 పడతాయి. తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. లెవెల్ 3లో ఇంగ్లిష్ కీబోర్డు అక్షరాల పరిధి దాటినదేదైనా పట్టుకునే రూల్ ఉంది. అంటే కస్టమర్ తెలుగులో పూతరేకులు అని వెతికినా, పేరు తెలుగులో రాసినా తగులుతుంది. ఎక్కువ లెవెల్ పెడితే ఎక్కువ భద్రత అనుకుని 3కి లాగేస్తే తెలుగు కస్టమర్ అంతా బయటే. షాపుకి లెవెల్ 1తో మొదలుపెట్టండి.

ఇలా తప్పుగా పట్టుకున్నప్పుడు ఆ రూల్‌ని మొత్తం తీసేయొద్దు. ఆ రూల్‌లో ఆ ఒక్క అడ్రస్ ఫీల్డుకి మినహాయింపు ఇవ్వండి, మిగతా చోట్ల అది పనిచేస్తూనే ఉంటుంది.

చీరాల_మగ్గం
సరే, ఒప్పుకుంటాను, ఒక్కరే చూసుకునే షాపుకి మేనేజ్డ్ మేలు. నా వంతు ఒక సంగతి చెప్తాను. క్యాష్ ఆన్ డెలివరీకి మేము ఓటీపీ పంపిస్తాం. ఒక రాత్రి ఎవడో మా ఓటీపీ పంపు అనే దారిని పట్టుకుని ఎవరెవరి నంబర్లకో 31,000 ఎస్సెమ్మెస్‌లు పంపించాడు. తెల్లారేసరికి ఎస్సెమ్మెస్ బ్యాలెన్స్ సున్నా, పొద్దున వచ్చిన అసలు కస్టమర్లకి ఓటీపీ వెళ్లలేదు. మాకు నష్టం సరే, నిద్రలో ఫోన్ మోగిన వాళ్ల మాటేమిటి? వాడు ఐపీ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కి ఉండే నంబరు) మారుస్తూ కొట్టాడు కాబట్టి ఐపీకి ఇన్ని అని పెట్టిన లిమిట్ వాణ్ని ఆపలేదు. చివరికి సైటు కోడ్‌లోనే ఒక ఫోన్ నంబరుకి గంటకు మూడు, మొత్తం షాపుకి నిమిషానికి ఇన్ని అని పెట్టాను. అప్పటి నుంచి సుఖం.

డల్లాస్_తెలుగోడు
చీరాల గారి మాటకి చిన్న చేర్పు. ఇండియాలో మొబైల్ ఇంటర్నెట్ మీద ఐపీని బట్టి లిమిట్ పెట్టేటప్పుడు జాగ్రత్త. పాత తరహా ఐపీవీ4 అడ్రసు ఒక్కదాని వెనకే టెలికాం కంపెనీ ఎంతోమంది కస్టమర్లని ఉంచుతుంది. ఆ ఐపీకి నిమిషానికి 20 దాటితే బ్లాక్ అని పెడితే, ఆఫర్ పెట్టిన రోజు మామూలు జనమే ఆగిపోతారు. చెకౌట్ లాంటి ఒకటి రెండు దారులకి గట్టి లిమిట్, బొమ్మలు, కేటగిరీ పేజీలకి వదులు లిమిట్.

ఇప్పుడు అసలైన విషయం. గోదావరి గారూ, మీ సర్వర్ అసలు ఐపీ బయటికి తెలుస్తుంటే ఈ వాఫ్ అంతా వృథా. దాడిచేసేవాడు వాఫ్ జోలికి రాకుండా దొడ్డిదారిన నేరుగా సర్వర్‌కే వస్తాడు. డీఎన్ఎస్ పాత రికార్డులు భద్రపరిచే సైట్లున్నాయి, నాలుగేళ్లుగా ఉన్న మీ ఐపీ వాటిలో కచ్చితంగా ఉంటుంది. మెయిల్ సబ్‌డొమైన్ అదే సర్వర్‌కి చూపిస్తున్నా తెలిసిపోతుంది, ఆర్డర్ మెయిల్స్ ఆ సర్వర్ నుంచే వెళ్తుంటే మెయిల్ హెడర్‌లోనే (మెయిల్‌తో పాటు వెళ్లే వివరాల్లో) ఐపీ ఉంటుంది. అందుకని మెయిల్స్ వేరే సర్వీసుకి మార్చి, తర్వాత హోస్టింగ్ వాళ్లని కొత్త ఐపీ అడిగి, సర్వర్ ఫైర్‌వాల్‌లో వెబ్ పోర్టులు వాఫ్ కంపెనీ ఐపీలకి మాత్రమే తెరవండి. వరస ముఖ్యం. మెయిల్ మార్చకుండా ఐపీ మారిస్తే మొదటి ఆర్డర్ మెయిల్‌తోనే కొత్తది కూడా తెలిసిపోతుంది.

ఒక తిరకాసు ఉంది. అదే వాఫ్ కంపెనీలో దాడిచేసేవాడు కూడా ఖాతా తెరిచి, తన డొమైన్‌ని మీ సర్వర్ ఐపీకి చూపించుకోవచ్చు. అప్పుడు వాడూ ఆ కంపెనీ ఐపీ నుంచే వస్తాడు. కాబట్టి వాఫ్ మీ సర్వర్‌కి వచ్చేటప్పుడు మీ డొమైన్‌కే ఇచ్చిన సర్టిఫికెట్ చూపించేలా పెట్టుకోండి, అది లేని కనెక్షన్‌ని సర్వర్ తిప్పి పంపేస్తుంది.

పని అయ్యాక పరీక్ష సులువు. మీ లాప్‌టాప్ హోస్ట్స్ ఫైల్‌లో (డీఎన్ఎస్ కంటే ముందు లాప్‌టాప్ చూసుకునే పట్టీ) మీ డొమైన్ ఎదురుగా సర్వర్ అసలు ఐపీ రాసి సైటు తెరవండి. షాపు కనిపించిందంటే దొడ్డిదారి ఇంకా తెరిచే ఉంది.

కోడ్_కుమ్మరి
దీనితో పాటు ఇంకోటి చేయకపోతే నాకు జరిగిందే జరుగుతుంది. వాఫ్ పెట్టాక సర్వర్‌కి వచ్చే ప్రతి రిక్వెస్టూ వాఫ్ ఐపీ నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. ఒక క్లయింటుకి సర్వర్‌లో ఫెయిల్‌టుబాన్ (తప్పు లాగిన్లు ఎక్కువైన ఐపీని ఆపే ప్రోగ్రామ్) ఉంది, తప్పు పాస్‌వర్డులు కొట్టిన బాట్‌ని ఆపుతున్నాననుకుని అది వాఫ్ ఐపీలనే బ్లాక్ చేసింది. కొందరికి సైటు వస్తోంది, కొందరికి రావట్లేదు, కారణం తెలియడానికి నాకు రెండు గంటలు పట్టింది. అసలు కస్టమర్ ఐపీ ఒక హెడర్‌లో వస్తుంది, సర్వర్‌లో దాన్ని చదివేలా పెట్టాలి. అదీ వాఫ్ ఐపీల నుంచి వచ్చినప్పుడు మాత్రమే నమ్మాలి.

గోదావరి_రేకు
ఇంత ఓపిగ్గా రాస్తున్నందుకు అందరికీ దండాలండి, అన్నీ నోట్ చేసుకుంటున్నాను. ఖర్చు సంగతి ఎవరైనా చెప్పరా? ఇంకో అనుమానం, ఆ కంపెనీయే పడిపోతే మా షాపు కూడా పడిపోతుందా?

వరంగల్_అడ్మిన్
పడిపోతుంది అక్కా, దాచడం ఎందుకు. 2019 జులై 2న వాఫ్ అమ్మే పెద్ద కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల వాఫ్‌లోనే ఒక కొత్త రూల్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా వెతికే సూత్రం) తప్పుగా రాశారు, దాన్ని ప్రపంచమంతా ఒకేసారి ఎక్కించారు, సర్వర్ల సీపీయూ మొత్తం దానికే పోయి 27 నిమిషాలు వాళ్ల వెనక ఉన్న సైట్లన్నీ ఆగాయి. 2025 నవంబర్ 18న ఇంకా ఎక్కువసేపు ఇబ్బంది పడ్డారు, అది బాట్‌లని గుర్తుపట్టే ఫైల్ పెరిగిపోవడం వల్ల. రెండూ వాళ్లే వివరంగా రాశారు. అలాంటి రోజున కంగారుపడి వాఫ్ తీసేసి సర్వర్‌ని బయట పెట్టొద్దు, దాచిన ఐపీ మళ్లీ బయటపడుతుంది. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకో, కాసేపటికి అదే వస్తుంది.

ఖర్చు: క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉచిత ప్లాన్‌కి కూడా కొద్ది మేనేజ్డ్ రూల్స్ వస్తాయి, పూర్తి సెట్ కావాలంటే ప్రో, నెలనెలా అయితే 25 డాలర్లు, ఏడాదికి ఒకేసారి కడితే నెలకు 20 పడుతుంది. ఏడబ్ల్యూఎస్ వాఫ్ అయితే ఒక యాక్సెస్ లిస్టుకి నెలకు 5 డాలర్లు, ఒక్కో రూల్‌కి 1 డాలర్, పది లక్షల రిక్వెస్టులకి 60 సెంట్లు, బాట్ కంట్రోల్ విడిగా. నీ సైటు ఏడబ్ల్యూఎస్‌లో లేదు కాబట్టి మొదటిదే సులువు. స్పీడు తగ్గదు, బొమ్మలు దగ్గరి సర్వర్ నుంచి వస్తాయి కాబట్టి విదేశాల్లో వాళ్లకి ఇంకా తొందరగా తెరుచుకుంటుంది. కార్ట్, చెకౌట్, నా అకౌంట్ పేజీలు మాత్రం కాష్ కాకుండా (అంటే కాపీ దాచి అందరికీ అదే చూపించకుండా) చూడు, ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనిపిస్తే దాడి అవసరం లేకుండానే పరువు పోతుంది.

లెక్కల_మాస్టారు
నేను చిన్న వ్యాపారాలకి ఆడిట్ చూస్తాను. రెండు మూడు ముక్కలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సైబర్ దాడులు తెలిసిన 6 గంటల్లో వాళ్లకి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. వాఫ్ చిన్న ప్లాన్లలో లాగ్‌లు అన్నాళ్లు ఉండవు, కాబట్టి సర్వర్ లాగ్‌లైనా రోజూ వేరేచోట దాచండి. గేట్‌వే వాళ్లకి రాసే వివరణలో కూడా ఆ లాగే మీ సాక్ష్యం. 2022 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం షాపులు కార్డు నంబర్లు దాచుకోకూడదు. పాత ప్లగిన్ ఏదైనా డేటాబేస్‌లో వదిలిందేమో ఒకసారి వెతికించండి.

వాఫ్ చూడలేని దొంగతనం ఒకటుంది, అది కూడా గుర్తుంచుకోండి. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో 22 లైన్ల స్క్రిప్టు చేర్చి, కస్టమర్ టైపు చేసిన కార్డు వివరాలు వేరే సైటుకి పంపించారు. అది కస్టమర్ బ్రౌజర్‌లోనే జరుగుతుంది, వాఫ్ దారిలో రాదు. 4 లక్షల మందికి పైగా వివరాలు పోయాయి, 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. కార్డు వివరాలు మీ పేజీలో కాకుండా గేట్‌వే పేజీలోనే టైపు చేయించండి, చెకౌట్ పేజీలో చాట్, యాడ్ ట్రాకింగ్ లాంటి బయటి స్క్రిప్టులు ఏవీ ఉంచకండి.

కోడ్_కుమ్మరి
అలాగే ఆర్డర్ లింకులో చివరి నంబర్ మార్చితే ఇంకొకరి బిల్లు తెరుచుకుంటుందా చూసుకోండి. ఇన్‌వాయిస్ ప్లగిన్లలో ఈ లోపం నేను రెండుసార్లు చూశాను. ఏ వాఫ్‌కీ అది దాడిగా కనిపించదు, కోడ్‌లోనే సరిచేయాలి. వాఫ్ ఉంది కదా అని అప్‌డేట్లు వాయిదా వేయకండి. 2023 మార్చిలో వూకామర్స్ పేమెంట్స్ ప్లగిన్‌లో ఒక హెడర్ చేర్చి పంపితే పాస్‌వర్డు లేకుండా అడ్మిన్ అయిపోయే లోపం బయటపడింది, జులైలో దాని మీద దాడులు ఊపందుకున్నాయి. అప్పటికీ అప్‌డేట్ చేయని షాపులే దొరికాయి.

గోదావరి_రేకు
నాలుగు వారాల తర్వాత వచ్చానండి, ఏం జరిగిందో చెప్పకుండా పోతే బాగోదు.

ప్రో ప్లాన్ తీసుకున్నాం. పది రోజులు లాగ్ మోడ్‌లో పెట్టాను, రోజూ రాత్రి వంట పని అయ్యాక అరగంట కూర్చుని చూసేదాన్ని. మూడు చోట్ల తప్పుగా తగిలింది: మా అడ్రస్ రెండో లైను, బండి గారు చెప్పినట్టే, కొరియర్ వాళ్ల ట్రాకింగ్ కబురు, ఇంకా నేను కాజాల వివరణ సేవ్ చేసినప్పుడు. మూడింటికీ విడివిడిగా మినహాయింపు ఇచ్చి బ్లాక్‌కి మార్చాను. పేమెంట్ వెబ్‌హుక్ కీ చూస్తే నిజంగానే ఖాళీగా ఉంది, నాలుగేళ్లుగా. పెట్టేశాను. మెయిల్ మార్చి, తర్వాత ఐపీ మార్చాం. హోస్ట్స్ ఫైల్ పరీక్షలో మొదటిసారి షాపు కనిపించింది, గుండె ఆగినంత పనైంది, తమ్ముడు ఫైర్‌వాల్‌లో ఒక పోర్టు వదిలేశాడు, సరిచేశాక రాలేదు. గేట్‌వే వాళ్లకి లాగ్ జత చేసి రాస్తే ఆరు రోజులకి విదేశీ కార్డులు తెరిచారు.

భోగికి ముందు శుక్రవారం రాత్రి 2:10కి మళ్లీ వచ్చాడు. ఈసారి నేను మెలకువగానే ఉన్నాను, లాగ్ నా కళ్ల ముందే కదులుతోంది. మూడు గంటల్లో స్టోర్ ఏపీఐ మీద 4,300 రిక్వెస్టులు, అన్నీ ఛాలెంజ్ దగ్గరే ఆగాయి, ఒక్క పేమెంటు కూడా గేట్‌వే దాకా వెళ్లలేదు. ఆ మధ్యలోనే 2:34కి న్యూజెర్సీ నుంచి ఒక అమ్మాయి అమలాపురంలో వాళ్ల తాతయ్యకి రెండు పెట్టెల పంచదార రేకులు, ఒక కేజీ అరిసెలు పెట్టింది. ఏ ఇబ్బందీ లేకుండా పడింది, పొద్దున మొదటి పార్సిల్ అదే కట్టాం.

డల్లాస్_తెలుగోడు
చాలా సంతోషం అండి. మీ షాపు లింకు నాకు మెసేజ్ చేయండి, తెనాలికి ఒక పెట్టె పంపాలి.

పుస్తకాల_బండి
వెబ్‌హుక్ కీ కొత్తగా పెట్టాక ఒక రూపాయి టెస్ట్ ఆర్డర్ చేసి, పెండింగ్ నుంచి ప్రాసెసింగ్‌కి దానంతట అదే మారిందో లేదో చూశారా? ఒక్కోసారి కీలో చివర ఖాళీ అక్షరం ఒకటి పేస్ట్ అయిపోతుంది.

గోదావరి_రేకు
చూశానండి, రెండుసార్లు. మారింది.